పెరుగు గుడ్డుకి డూపు కాదు!

మన పాత సినిమాల్లో పుట్టినరోజు సీను ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. పెద్ద హాలు, వంపు తిరిగిన మెట్లు, ఓ మూల పియానో, మధ్య బల్ల మీద మూడంతస్తుల కేకు. హీరోయిన్ కొవ్వొత్తులు ఊదుతుంది. కత్తి ఆనిస్తుంది. చప్పట్లు! ఆ మరుక్షణం హీరోగారు పియానో ముందు కూచుని, ప్రేమనో పేదరికాన్నో తలుచుకుని పాట ఎత్తుకుంటారు. ఇక కేకు గతి అంతే. దాన్నెవరు తిన్నారో, దూదిలా వుందో ఇటుకలా వుందో ఏ డైరెక్టరుగారూ చెప్పిన పాపాన పోలేదు.

సినిమాలో సరే, కేకు ఎవరూ తినకపోయినా కథ నడుస్తుంది. ఇంట్లో అలా కుదరదు కదా!

ఈ పురాణం ఎందుకు విప్పానంటే, పోయిన నెల ఒక అమ్మమ్మగారి దగ్గర్నుంచి వుత్తరం వచ్చింది. పేరూ వూరూ వెయ్యొద్దన్నారు గనక వెయ్యను. మనవడికి ఆరేళ్లు. గుడ్డు పడదని డాక్టరు తేల్చి చెప్పారట. కాస్త నోట్లో పడిందంటే చాలు, పెదాలు వాచిపోయి ఒంటినిండా దద్దుర్లు. క్లాసులో ఎవరి పుట్టినరోజైనా అందరి చేతుల్లో కేకు ముక్క, వీడి చేతిలో చిప్సు పొట్లం. కిందటేడు వాడి పుట్టినరోజుకి వాళ్ల నాన్న బజారు కేకు తెచ్చాడు. వాడు కోశాడు, అందరికీ పంచాడు, తను మాత్రం లడ్డూ తిన్నాడు. "ఈసారి వాడు కోసిన కేకు వాడు తినాలి. గుడ్డు బదులు పెరుగు వెయ్యొచ్చని అందరూ అంటున్నారు. రెండుసార్లు వేసి చూశాను. ఒకసారి సబ్బు ముక్క కొరికినట్టుంది. రెండోసారి అడుగున హల్వాలా ముద్దకట్టింది. లోపం మా పెరుగులో వుందా, నా చేతిలో వుందా?" అని అడిగారు.

అమ్మా, లోపం మీ చేతిలోనూ లేదు, మీ పెరుగులోనూ లేదు. ఆ "బదులు" అన్న మాటలో వుంది.

హీరో మేడ మీంచి దూకాలనుకోండి, డూపుని పెడతారు. అదే చొక్కా, అదే క్రాఫు. వెనకనుంచి చూపించినంత సేపూ బాగానే వుంటుంది. కెమెరా ముఖం మీదికి వచ్చిందా, దొరికిపోతాడు! గుడ్డు స్థానంలో పెరుగుని నిలబెట్టి, గుడ్డు చేసే పనులన్నీ చెయ్యమంటే జరిగేదీ ఇదే. గుడ్డు కేకులో ఏం చేస్తుంది? గిలక్కొడితే గాలిని పట్టి వుంచుతుంది. వేడి తగలగానే గట్టిపడి గోడలా నిలబడుతుంది. దాని పచ్చసొన నూనెకీ నీళ్లకీ రాజీ కుదురుస్తుంది. పెరుగుని మీరు గంటసేపు గిలక్కొట్టండి, వెన్నపూస తేలుతుంది గానీ నురగ నిలబడదు. వేడికి కోడిగుడ్డులా గోడ కట్టడమూ దానికి చేతకాదు. ఆ వేషం దానిది కాదు.

మరి దాని వేషం ఏమిటంటారా? అది తెలుసుకోవడానికి మనం ఏ దొరలిల్లూ వెతుక్కుంటూ వెళ్లక్కర్లేదు. మన టిఫిన్ హోటల్లో పొద్దున్నే ఆరింటికి వేడివేడిగా దిగే మైసూర్ బజ్జీని అడిగితే చాలు. (కొన్ని చోట్ల బోండా అంటారు. పేరు మైసూరుదే గానీ హడావిడంతా మన తెలుగు హోటళ్లలోనే!) అందులో వున్నవి మైదా, పుల్లపెరుగు, వంట సోడా. గుడ్డు వుందా? లేదు. అయినా లోపల గుల్ల విచ్చుకుని ఎంత తేలిగ్గా వుంటుంది! పెరుగులో పులుపు వుంటుంది. దాన్ని లాక్టిక్ ఆమ్లం అంటారు. అది సోడాకి తగిలిందా, బొగ్గుపులుసు వాయువు బుస్సుమని పుడుతుంది. ఆ బుడగలే పిండిని లోపల్నించి పైకి లేపుతాయి. పెరుగు వేషం ఇదీ. సోడాని నిద్ర లేపడం, పిండికి కావలసిన తడి ఇవ్వడం, తన వెన్నతో ముక్కని మెత్తబరచడం.

హోటలు మాస్టరు బజ్జీ పిండిని చేత్తో అరగంట బాదుతాడు, చూశారా? అలా బాదితే మైదాలో జిగురు సాగుతుంది. బజ్జీకి ఆ సాగుడే అందం. కేకుకి అదే శత్రువు. సరుకులు దాదాపు అవే, చేతిపని మాత్రం పూర్తిగా తిరగేసి. మైదా పడ్డాక కేకు పిండిని గరిటెతో పది పదిహేను తిప్పులకి మించి తిప్పకూడదు. అక్కడక్కడా చిన్న వుండలున్నా ఫరవాలేదు. అమ్మమ్మగారి రెండో కేకు అడుగున ముద్దకట్టిందంటే బహుశా ఇక్కడే ఏదో జరిగింది. పెరుగులో నీళ్లెక్కువై వుండాలి, లేదా "బాగా కలిస్తే బాగా పొంగుతుంది" అనుకుని బజ్జీ పిండిలా బాది వుండాలి.

పెరుగు గుడ్డుకి ప్రత్యామ్నాయంగా పుట్టినది కాదనడానికి ఫ్రాన్సు వాళ్లు మంచి సాక్షులు. అక్కడ పిల్లలు మొట్టమొదట చేసే కేకు పెరుగు కేకే. దానికి గాతో ఓ యావూర్ అని పేరు. అందులో తమాషా ఏమిటంటే, కొలత గిన్నె అక్కర్లేదు. పెరుగు కొన్న బుడ్డి వుంటుంది కదా, అదే కొలత. ఒక బుడ్డి పెరుగు, రెండు బుడ్లు చక్కెర, మూడు బుడ్లు పిండి, అర బుడ్డి నూనె. వాటితోపాటు గుడ్లు కూడా వేస్తారు! అంటే గుడ్డు దాని పని అది చేసుకుంటుంది, పెరుగు దీని పని ఇది చేసుకుంటుంది. ఒకే సినిమాలో ఇద్దరూ వున్నారు, ఎవరి డైలాగులు వాళ్లవి. ఆ బుడ్డి పెరుగు యూరపులో ఊరూరా చేరడానికి కారకుల్లో ఒకడు ఐజాక్ కరాసో. 1919లో బార్సెలోనాలో పెరుగు తయారీ మొదలుపెట్టి, కొడుకు డేనియల్ ముద్దుపేరు మీద డానోన్ అని పేరు పెట్టాడు. మొదట్లో ఆ పెరుగుని మందుల షాపుల్లో అమ్మేవారు! చీటీ పట్టుకుని వెళ్లి పెరుగు కొనుక్కోవడం మన బామ్మలు వింటే ఎంత నవ్వేవారో.

ఇక అసలు గుడ్డే లేకుండా నడిచిన సంసారం ఐర్లండు వాళ్లది. గోధుమపిండి, ఉప్పు, సోడా, మజ్జిగ. ఈ నాలుగింటితోనే వాళ్లు సోడా రొట్టె కాలుస్తారు. 19వ శతాబ్దంలో సోడా చేతికి వచ్చిన దగ్గర్నుంచీ పేదింట్లో అదే రొట్టె. ఈస్టు లేదు, గుడ్డు లేదు. వెన్న తీసిన మజ్జిగ పులుపే దానికి ఆధారం.

అమ్మమ్మగారికి నచ్చే కథ ఇంకొకటి వుంది. అదే వందేళ్లలో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో ఆల్ఫ్రెడ్ బర్డ్ అని ఒక మందుల షాపాయన వుండేవాడు. ఆయన భార్య ఎలిజబెత్‌కి గుడ్డు పడదు, ఈస్టూ పడదు. పాపం ఆవిడకి కస్టర్డ్ అంటే ఇష్టం. కస్టర్డ్ అంటేనే గుడ్డు. మరొకరైతే "నీ ఖర్మ, తినకు" అనేవారు. ఈయన 1837లో గుడ్డు లేని కస్టర్డ్ పొడి కనిపెట్టాడు. తర్వాత 1843లో ఈస్టు అక్కర్లేని బేకింగ్ పౌడర్ తయారుచేశాడు. ఇవ్వాళ మన కిరాణా కొట్లో దొరికే రెండు డబ్బాల వెనక ఒక ఇల్లాలికి పడని తిండి వుంది. ఇంత చక్కని కథ మన సినిమావాళ్ల కంట ఎందుకు పడలేదో నాకర్థం కాదు. తాజ్‌మహల్ మీదే ఎన్నాళ్లు తీస్తారు!

బేకింగ్ పౌడర్ అంటే మరేం లేదు. సోడాలోనే పొడి పులుపు కలిపి డబ్బాలో పెడతారు. తడి తగలగానే కొంత, పొయ్యి వేడికి ఇంకొంత పొంగుతుంది. పెరుగు కేకులో రెండూ ఎందుకు వేస్తారని చాలామంది అడుగుతారు. సోడా పెరుగు పులుపుతో గిన్నెలోనే పని మొదలుపెట్టేస్తుంది, ఇంటర్వెల్ వరకూ దానిదే జోరు. పొయ్యిలో క్లైమాక్సు నడిపించడానికి పౌడరు.

ఇప్పుడు సబ్బు రుచి సంగతి. సోడా ఎక్కువై, దాన్ని విరిచే పులుపు తక్కువైతే, మిగిలిన సోడా వేడికి చాకలి సోడాగా మారుతుంది. అదే ఆ సబ్బు రుచి. కేకు పైన నల్లగా మాడినట్టు రంగు కూడా తెస్తుంది. కొంచెం లెక్క చెప్పనివ్వండి, భయపడకండి. 84 పాళ్ల సోడాని విరవడానికి 90 పాళ్ల లాక్టిక్ ఆమ్లం కావాలి. అర చెంచా సోడా బరువు సుమారు 2.3 గ్రాములు. అంటే దానికి రెండున్నర గ్రాముల పులుపు కావాలి. ఒక కప్పు పెరుగు దాదాపు 245 గ్రాములు. బాగా పులిసిన పెరుగులో నూటికి ఒక వంతు పులుపు వుంటుంది. అంటే రెండున్నర గ్రాములు. లెక్క సరిగ్గా సరిపోయింది! కప్పు పెరుగుకి అర చెంచా సోడా అని పెద్దవాళ్లు చెప్పే కొలత వెనక వున్నది ఇదే. అయితే పొద్దున్న తోడుకున్న కమ్మటి పెరుగులో పులుపు అంతుండదు, ఇంచుమించు అందులో మూడింట రెండు వంతులే. అప్పుడు సోడా మిగిలిపోతుంది. మన ఇళ్లల్లో పిల్లలకి కమ్మటి పెరుగే పెడతాం కాబట్టి కేకులోనూ అదే గుమ్మరిస్తాం. అమ్మమ్మగారి మొదటి కేకు మీద నా అనుమానం అదే.

నమ్మకం కుదరక నేనే ఒక ఆదివారం మూడు కేకులు చేసి చూశాను. ఒకే కొలత, ఒకే పాత్ర. ఒకటి ఆ రోజు పెరుగుతో, ఒకటి ఒక రోజంతా బయట వుంచిన పెరుగుతో, ఒకటి రెండు రోజుల పెరుగుతో. మొదటిది పొంగింది గానీ పైన ముదురు గోధుమరంగు, గొంతులో సోడా జాడ. రెండోది మా ఇంట్లో ఒక్కపూటలో ఖాళీ. మూడోది రంగు కాస్త పాలిపోయి, రుచిలో పులుపు తెలిసింది. నిజం చెప్పాలంటే ఆ మూడోది కూడా నాకు నచ్చింది. ఎండుద్రాక్ష వేసి, నిమ్మతొక్క తురిమి కలిపితే ఆ పులుపే అందం అవుతుంది. పిల్లలకి మాత్రం రెండోదే.

మీ పెరుగు ఎంత పులిసిందో తెలియాలంటే నాలుక చాలు. చారులోకి పనికొస్తుందనిపించే పులుపు వుంటే కేకుకి పనికొస్తుంది. పులుపు చాలలేదనిపిస్తే రెండు చిన్న చెంచాల నిమ్మరసం కలపండి. లేదా సోడా పావు చెంచాకి తగ్గించి, బేకింగ్ పౌడర్ ఒక చెంచా పెంచండి. కొందరు పెరుగులో సోడా కలిపి, అది నురగెత్తి పొంగేదాకా పది నిమిషాలు పక్కన పెట్టమంటారు. చూడ్డానికి బాగుంటుంది, కాదనను. కానీ ఆ పుట్టిన వాయువు గాల్లోకి పోయాక కేకులో పొంగేదెవరు? రిహార్సల్లోనే గొంతంతా అరిగిపోయిన పాటగాడిలా వుంటుంది వ్యవహారం. సోడాని మైదాతో కలిపి జల్లించండి. తడీ పొడీ కలిసిన క్షణం నుంచి మాత్రం ఆలస్యం చెయ్యకండి, సరాసరి పొయ్యిలోకే.

నీళ్ల సంగతి కూడా చెప్పుకోవాలి. పెరుగులో నూటికి ఎనభైఅయిదు పాళ్ల పైన నీరే. ఈ కేకులో వేరే పాలూ నీళ్లూ వుండవు గనక తడంతా దానిదే. పైన తేట తేలిందనుకోండి, దాన్ని వంపెయ్యండి. మరీ పల్చటి పెరుగైతే గుడ్డలో కట్టి ఓ అరగంట వేలాడదియ్యండి. ఆ తేట పారబొయ్యకండి, చపాతీ పిండిలోకి పనికొస్తుంది. గంటల తరబడి వేలాడదీసి రాయిలా చేసినా చిక్కే, అప్పుడు నాలుగు చెంచాల పాలు పొయ్యాల్సొస్తుంది. గేదె పెరుగా ఆవు పెరుగా అని గాభరా పడకండి. గేదె పెరుగులో వెన్న ఎక్కువే, కానీ ఒక కప్పుకి ఏడెనిమిది గ్రాములకి మించి తేడా రాదు. గేదె పెరుగైతే నూనె ఒకటిన్నర చిన్న చెంచా తగ్గిస్తే సరి.

సరే, ఇక కేకు. కప్పున్నర మైదా, ఒకటింబావు చిన్న చెంచా బేకింగ్ పౌడర్, అర చిన్న చెంచా సోడా, చిటికెడు ఉప్పు. వీటిని రెండుసార్లు జల్లించి పక్కన పెట్టండి. వేరే గిన్నెలో ఒక కప్పు పెరుగు, ముప్పావు కప్పు చక్కెర పొడి వేసి, చక్కెర కరిగేదాకా కవ్వంతోనో గరిటెతోనో గిలకొట్టండి. ఇక్కడ ఎంత కొట్టినా తప్పు లేదు, ఇంకా మైదా పడలేదుగా. అర కప్పు వాసన లేని నూనె, ఒక చెంచా వెనిల్లా. వెనిల్లా నచ్చకపోతే నాలుగు యాలకులు దంచి వెయ్యండి, పెరుగుకి యాలకులకి జత బాగా కుదురుతుంది. ఇప్పుడు మైదా రెండు విడతలుగా పోసి, నిదానంగా తిప్పండి. పిండి దోసెల పిండి కన్నా చిక్కగా, గారెల పిండి కన్నా జారుగా వుండాలి. గరిటె ఎత్తితే ముద్దగా రాలకూడదు, దారంలా కారకూడదు, రిబ్బనులా జారాలి.

ఎనిమిది అంగుళాల గుండ్రటి పాత్రకి నూనె రాసి, అడుగున కాగితం వేసి, పిండి పోసి, ముందుగానే వేడెక్కిన ఓవెన్‌లో 180 డిగ్రీల మీద ముప్ఫై నుంచి ముప్ఫై అయిదు నిమిషాలు. పుల్ల గుచ్చితే శుభ్రంగా రావాలి. మొదటి ఇరవై నిమిషాలు తలుపు తెరవొద్దు. గుడ్డు లేదుగా, గోడలు ఆలస్యంగా ఆరతాయి. తొందరపడి తెరిస్తే మధ్యలో గుంట పడుతుంది. ఇదే కారణం చేత ఎత్తయిన కేకు కావాలని చిన్న పాత్రలో పిండి నింపెయ్యకండి. రెండు పల్చటివి చేసి మధ్యలో జాం రాసి ఒకదాని మీద ఒకటి పెట్టండి. అంతస్తులూ వస్తాయి, కూలే భయమూ వుండదు.

ఓవెన్ లేనివాళ్లు దిగులు పడకండి. మందపాటి గిన్నెలో రెండు గ్లాసుల రాళ్లుప్పో ఇసకో పోసి, మధ్యలో స్టాండు పెట్టి, మూత వేసి పది నిమిషాలు వేడెక్కించి, అందులో కేకు పాత్ర దించి సన్నసెగ మీద నలభై అయిదు నిమిషాలు వుంచితే చక్కగా వస్తుంది. పైన ఎర్రగా రాదు, అంతే. కుక్కరు వాడేవాళ్లు రబ్బరూ వెయిటూ తప్పకుండా తీసెయ్యాలి. నా ఓటు మాత్రం గిన్నెకే. నీళ్లు లేకుండా కుక్కరు కాల్చడం నాకెప్పుడూ మనసొప్పదు.

అమ్మమ్మగారికి ప్రత్యేకించి రెండు మాటలు. ఆకుపచ్చ గుర్తున్న పొట్లంలో గుడ్డు కలిపి వుండకూడదు, నిజమే. కానీ గుడ్డు కేకులూ గుడ్డు లేనివీ ఒకే బల్ల మీద చేసే చోట గరిటె మారిందో లేదో ఎవరు చూడొచ్చారు? పైన చల్లే రంగు పలుకులు, క్రీము, ఏది కొన్నా అట్ట మీది చిన్న అక్షరాలు కళ్లద్దాలు పెట్టుకుని చదవండి. మీ ఇంట్లో మిగతావాళ్లు ఆమ్లెట్లు తినేవాళ్లయితే, ఆ కవ్వం, ఆ గిన్నె వాడి కేకుకి వద్దు, కొత్తవి తీసుకోండి. ఇంకొకటి. గుడ్డు పడని పిల్లల్లో కొందరికి పాలు కూడా పడవు. మీ వాడు పెరుగన్నం హాయిగా తింటున్నాడని రాశారు కనుక మీకు బెంగ లేదు. ఇది చదివి వేరే పిల్లలకి చేసి పెట్టాలనుకునేవాళ్లు మాత్రం వాళ్ల అమ్మని ఒక్క మాట అడిగి చెయ్యండి.

ఈ కేకు దించిన రోజు కన్నా మర్నాడే బాగుంటుంది. తడి ముక్కంతా సర్దుకుని, పులుపు కాస్త అణిగి, కత్తికి పొడి రాలకుండా తెగుతుంది. కాబట్టి వాడి పుట్టినరోజు ఆదివారం అయితే, కేకు శనివారం సాయంత్రం చెయ్యండి. పెరుగు శనివారం సాయంత్రానికి ఒక రోజుదై వుండాలి గనక, గురువారం రాత్రే ఒక గిన్నెలో వేరుగా తోడు పెట్టి, శుక్రవారం పొద్దున తోడుకున్నాక ఫ్రిజ్‌లో పెట్టకుండా బయటే వుంచండి. ఆ గిన్నె మీద మాత్రం ఒక చీటీ అంటించండి. లేకపోతే శుక్రవారం రాత్రి ఎవరో ఒకరు అన్నంలో కలిపేసుకుంటారు.